రాత్రి తొమ్మిదిన్నర మీటింగు గురించి మా కంపెనీ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

హైదరాబాద్ కేంద్రాన్ని నడిపే ఆరుగురు పెద్దలకు,

నమస్కారం. పోయిన సోమవారం మీ పేర్లతో వచ్చిన సర్క్యులర్ రెండుసార్లు చదివాను. వచ్చే నెల నుంచి అందరం వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలన్నారు. మీటింగుల్లో కెమెరా ఆపకూడదన్నారు. మనుషులు ఎదురెదురుగా కూర్చుంటే తప్ప తెమలని పనులు చాలా ఉన్నాయన్నారు. మనం అమ్మేది వీడియో మీటింగుల యాప్ అని తెలిసిన వాళ్లెవరైనా ఆ చివరి వాక్యం దగ్గర కాసేపు ఆగుతారు. నేనూ ఆగాను, కాస్త నవ్వుకున్నాను కూడా. కానీ నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది ఆ వాక్యం కాదు. సర్క్యులర్ ఎంత వెతికినా కనబడని సంగతి ఒకటుంది. అది కాలిఫోర్నియా వాళ్లతో జరిగే రాత్రి తొమ్మిదిన్నర మీటింగు.

తెలుగులో ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మీ ఆరుగురిలో ఐదుగురు తెలుగువాళ్లు. క్యాంటీన్‌లో టీ తాగుతున్నంతసేపూ మనం మాట్లాడుకునేది తెలుగే, లింకు తెరుచుకున్న క్షణంలో ఇంగ్లీషులోకి మారతాం. ఇదే ఫిర్యాదు ఇంగ్లీషులో ఏటా సర్వే ఫారంలో రాస్తూనే ఉన్నాను. అక్కడ అది ఉద్యోగుల సంతృప్తి అనే గడిలో పడి అయిదుకు మూడున్నర అన్న అంకెగా మారి మీ దగ్గరకు వస్తుంది. తెలుగులో రాస్తే ఆ గడిలో ఇమడదని నా ఆశ. ఇంకో కారణం కూడా ఉంది. పదకొండేళ్లుగా తలుపు అవతలి నుంచి నా మీటింగులు వింటున్న మా ఇంటివాళ్లు కూడా దీన్ని చదవాలి.

మా నాన్నగారు రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. 2008లో నాకు మొదటి ఉద్యోగం వచ్చి, పని వీడియో కాన్ఫరెన్సుల మీద అని చెప్పినప్పుడు ఆయన ముఖంలో సంతోషం కంటే ముందు కొంచెం బెదురు కనబడింది. ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి తొంభైల చివర్లో జిల్లా కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులు జరిపిన కాలం ఆయనది. ఆ తరం ఉద్యోగులకు ఆ మాటకు ఒకటే అర్థం, హైదరాబాద్ నుంచి టీవీలో అక్షింతలు పడే కార్యక్రమం. పొద్దున కలెక్టరు మీద పడినవి సాయంత్రానికి ఎమ్మార్వో మీదుగా మా నాన్నగారి బల్ల దాకా వచ్చేవట. ‘అవి తయారుచేసేది మీరేనా?’ అని అడిగారు. అవునన్నాను. ఆ రోజుకు ఇక మాట్లాడలేదు.

అప్పట్లో అది గదిలో బిగించే సరుకు. పెద్ద తెర, బల్ల మధ్యలో మైకు, గోడవారగా లక్షల ఖరీదు చేసే పెట్టె. 2011లో గూగుల్, బ్రౌజరులోనే ఆడియో వీడియో కాల్స్ నడిపే వెబ్‌ఆర్‌టీసీ కోడ్‌ను అందరికీ విడుదల చేశాక ఆ పెట్టె చేసే పని బ్రౌజరు చేయడం మొదలుపెట్టింది. మరుసటి ఏడు, శబ్దాన్ని కుదించి పంపే ఓపస్ అనే కోడెక్ ప్రమాణంగా ఖాయమైంది, పల్చటి ఇంటర్నెట్ మీద కూడా మనిషి గొంతు మనిషి గొంతులా వినబడింది. 2014లో నేను ఈ కంపెనీలో ఆడియో బృందంలో చేరాను.

మీలో ఇద్దరు అమ్మకాల వైపు నుంచి వచ్చినవాళ్లు కాబట్టి నా పనేమిటో ఒక్క ముక్కలో చెబుతాను. మీ స్పీకరులోంచి వచ్చిన నా గొంతు మీ మైకులో దూరి తిరిగి నాకే వినబడకుండా చూడాలి. స్పీకరుకు ఏం పంపామో మాకు తెలుసు. అది మీ గది గోడలకు తగిలి ఎలా మారి వస్తుందో అంచనా కట్టి, మైకు పట్టిన శబ్దంలోంచి తీసేస్తాం. ఇద్దరూ ఒకేసారి మాట్లాడినప్పుడే చిక్కు, ఏది ప్రతిధ్వనో ఏది మనిషో తేలదు. మనవాళ్ల మీటింగుల్లో ఆ చిక్కు ఎంత తరచుగా వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఇక మాట అనేది 20 మిల్లీ సెకన్ల ముక్కలుగా ప్రయాణం చేస్తుంది. రావలసిన ముక్క వేళకు రాకపోతే దాని ముందూ వెనకా చూసి ఊహించి పూరిస్తాం. కాబట్టి ఇన్నేళ్లలో మీరు విన్న నా మాటల్లో కొన్ని నేను అన్నవి కావు, మా కోడ్ అన్నవి.

మూడో పని రొదను తీసేయడం. దానికి పరీక్ష శబ్దాలు కావాలి. సీలింగు ఫ్యాను, కీబోర్డు టకటకలు, కుక్క అరుపు, మిక్సీ. మా పరీక్షల్లో ఇవాళ్టికీ వాడుతున్న కుక్కరు విజిల్ నిజాంపేటలో మా వంటింట్లోది. మూడో విజిల్ అయ్యాక మా అత్తగారు ‘స్టవ్ కట్టెయ్యమ్మా’ అనడం కూడా అందులో ఉంది. కాలిఫోర్నియాలో ఆ మాట కొన్ని వేలసార్లు విన్న ఒక చైనా ఇంజనీరు ఒకసారి దాని అర్థమేమిటని అడిగాడు. ఈ ఉద్యోగంలో నాకు ఇష్టమైన జ్ఞాపకాల్లో అదొకటి.

ఇక 2020. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. జూమ్ మీటింగుల్లో అంతకుముందు డిసెంబరులో రోజుకు కోటి మంది పాల్గొనేవారు, ఏప్రిల్‌కి ఆ సంఖ్య 30 కోట్లయిందని ఆ సంస్థే ప్రకటించింది. మనది అంత పెద్ద దుకాణం కాకపోయినా వరద మాత్రం ఆ తీరులోనే వచ్చింది. ప్రపంచమంతా మీటింగులు గంట కొట్టగానే మొదలుపెడుతుందని అంతకుముందు నాకు లెక్కగా తెలుసు, ఆ నెలలో కళ్లారా చూశాను. 8 గంటల 58 నిమిషాలకు సర్వర్ల గ్రాఫు నిద్రపోతుండేది. 9 కాగానే గాలిగోపురంలా నిలువునా లేచేది. మళ్లీ 9:30కి ఒక గోపురం, 10కి ఇంకొకటి. మన దేశంలో ఉదయం తొమ్మిది అంటే బడిపిల్లలు. ఒక్క నిమిషంలో ఊళ్లకు ఊళ్లు తలుపు తోసుకుని లోపలికి వస్తున్నట్టు ఉండేది.

ఏప్రిల్ 6న సుప్రీంకోర్టు దేశంలోని కోర్టులు వీడియో కాన్ఫరెన్సుల ద్వారా విచారణ జరిపేందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ సాయంత్రం మా నాన్నగారు ఫోన్ చేశారు. ‘జడ్జీలు కూడా వచ్చేశారు, ఇక మీకు ఢోకా లేదు’ అన్నారు. పన్నెండేళ్లు పట్టింది ఆయనకు నా ఉద్యోగం మీద బెదురు పోవడానికి.

ఆ మూడు నెలలు మేమెవరం గడియారం చూడలేదు. మీరూ చూడలేదు, ఆ సంగతి నాకు తెలుసు. మీలో ఒకరు రాత్రి రెండు గంటలకు సర్వర్ల గ్రాఫు ముందు కూర్చుని అటుకులు నములుతూ మాతోపాటు మేలుకోవడం నేను మరచిపోలేదు. రాత్రి మీటింగు మొదలైంది అప్పుడే. కాలిఫోర్నియాలో ఉదయం ఎనిమిది, మనకు రాత్రి ఎనిమిదిన్నర. ‘పరిస్థితి కుదుటపడే దాకా’ అన్నారు. ఎవ్వరం కాదనలేదు.

అప్పుడు మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. మీటింగు నడుస్తుండగా గదిలోకి వచ్చినప్పుడు మా ఇద్దరికీ ఒక సైగల భాష ఏర్పడింది. నేను అరచెయ్యి పెదవులకు అడ్డం పెడితే మైకు తెరిచి ఉందని. చెవి పట్టుకుంటే వింటున్నాను గాని మాట్లాడక్కర్లేదని, అంటే తను చెవిలో ఏదైనా చెప్పవచ్చని. రెండు వేళ్లు చూపిస్తే ఇంకో ఇరవై నిమిషాలని. ఆ రెండు వేళ్లు ఒక్కో రాత్రి మూడుసార్లు చూపించేదాన్ని. నాలుగోసారికి తను నిద్రపోయేది. ఇప్పుడు పదమూడేళ్లు. సైగలు మానేసింది. తలుపు దగ్గర నిలబడి నా ముఖం చూసి తనే తేల్చుకుని వెళ్లిపోతుంది.

ఆ ఏడు ఆగస్టులో వచ్చిన ఒక టికెట్ గురించి చెప్పాలి, అంటే యాప్ వాడేవాళ్ల ఫిర్యాదు. రాజమండ్రి నుంచి ఒక సంగీతం టీచరు రాశారు. ఆన్‌లైన్‌లో పిల్లలకు సరళీ స్వరాలు చెబుతున్నారట. తన ఎలక్ట్రానిక్ తంబూరా మోగిస్తే అటువైపు మూడు సెకన్లు వినబడి మాయమవుతోందని, పిల్లలు శ్రుతి లేకుండా పాడి అపస్వరాలు పట్టేస్తున్నారని, తాను షడ్జమం కాస్త ఎక్కువసేపు పట్టుకున్నా తన గొంతే నీరసించి పోతోందని రాశారు. తన ఇంట్లో ఇంటర్నెట్ బాగానే ఉందని రెండుసార్లు నొక్కి చెప్పారు, అంటే మన సహాయకేంద్రం వాళ్లు అప్పటికే మూడుసార్లు రూటరు ఆపి వెయ్యమని ఉంటారు.

చదవగానే నాకు అర్థమైంది. రొదను తీసేసే మా పాత పద్ధతి చాలా సులువైన నమ్మకం మీద నడుస్తుంది. మాట ఎగుడుదిగుడుగా ఉంటుంది, మధ్యలో ఆగుతుంది. ఫ్యాను ఆగదు. కాబట్టి కొద్ది సెకన్లపాటు ఎడతెగకుండా ఒకే తీరుగా ఉన్నది ఏదైనా రొదే, తీసెయ్. తంబూరా కంటే ఎడతెగని శబ్దం ఇంకేముంటుంది? ఆగకపోవడమే దాని ధర్మం. తప్పు కోడ్‌ది కాదు, దానికి మేం నేర్పిన నమ్మకానిది.

టికెట్‌కు నాలుగో తరగతి ప్రాధాన్యం ఇచ్చారు. అంటే ఎప్పుడైనా తీరిక దొరికితే చూడమని. ఆ రోజుల్లో తీరిక ఎవరికుంది? ‘సంగీతం మన మార్కెట్ కాదు’ అని ఎవరో కింద ఒక వాక్యం రాశారు. దాని కింద నేను కూడా ‘సరే’ అని రాశాను. ఆ ‘సరే’ ఇప్పటికీ అక్కడే ఉంది.

తర్వాతి ఏడు మే నెలలో తణుకులో మా పెదనాన్న పోయారు. ఆంధ్రలో కర్ఫ్యూ, తెలంగాణలో లాక్‌డౌన్. వెళ్లే దారి లేదు. మన యాప్‌లోనే, నా ఖాతా నుంచే బంధువులందరికీ లింకు పంపాను. ఒక తమ్ముడు ఫోను పట్టుకుని అరుగు మీద నిలబడ్డాడు. పదకొండు గడుల్లో పదకొండు ఇళ్లు. పెద్దమ్మ రాగం తీసి ఏడుస్తోంది. తెర మీద నోరు తెరిచే ఉంది, గొంతు లేదు. కొంచెం వినబడింది, మళ్లీ పోయింది. ఇంగ్లండ్‌లో ఉన్న వాళ్ల పెద్దబ్బాయి, ఏం చేయాలో తోచక, ‘అమ్మ మ్యూట్‌లో ఉన్నట్టుంది, ఎవరైనా తీయండి’ అన్నాడు. తీయడానికి ఏమీ లేదు, ఆమె మైకు తెరిచే ఉంది. దీర్ఘం తీసిన ఏడుపును ఫ్యాను కింద జమకట్టింది నేను రాసిన కోడ్. ఆ సంగతి ఆ పదకొండు గడుల్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

పదో రోజు దాటాక పనిలో చేరి ముందు ఆ రాజమండ్రి టికెట్‌ను మళ్లీ తెరిచాను. మీలో ఒకరు అడ్డుచెప్పకుండా నాలుగు నెలల సమయం ఇచ్చారు, అందుకు ఇవాళ్టికీ కృతజ్ఞురాలిని. శబ్దాన్ని ఉన్నదున్నట్టు పంపే మీట ఒకటి పెట్టాం. రొదకు కొత్త నమూనా తయారుచేసి దానికి తంబూరా, నాదస్వరం, పసిపిల్లల ఏడుపు, పెద్దవాళ్ల ఏడుపు వినిపించి ఇవి తీయకూడదని నేర్పాం. విడుదలైన వారానికి ఆ టీచరు టికెట్‌లో ఒక్క వాక్యం రాశారు, ‘ఇప్పుడు శ్రుతి నిలబడుతోంది’ అని. మాయామాళవగౌళ ఆరోహణ పాడి రికార్డు జతచేశారు. టీచరూ పిల్లా కలిసి తాళం వేస్తూ పాడటం మాత్రం ఇప్పటికీ మావల్ల కాదు. ఒకరు పాడాక ఒకరు పాడాల్సిందే, దూరం అడ్డొస్తుంది.

ఇదంతా చెప్పింది నా గొప్ప కోసం కాదు. రాత్రి మీటింగు విషయంలో మీరు సరిగ్గా మా పాత కోడ్ లాగానే ఉన్నారు. హైదరాబాద్ నుంచి ఆ ఫిర్యాదు ఏటా వస్తుంది, ఒకే తీరుగా వస్తుంది, ఆగకుండా వస్తుంది. కాబట్టి అది మీకు వినబడటం మానేసింది. కాలిఫోర్నియా నుంచి ఒకరు ఒక్కసారి ‘శుక్రవారం సాయంత్రం కాల్ ఇబ్బందిగా ఉంది’ అంటే రెండు రోజుల్లో ఆ మీటింగు వేళ మారిపోయింది. అది హఠాత్తుగా వచ్చిన శబ్దం కదా, మనిషి గొంతు అని గుర్తుపట్టారు.

ఆ మీటింగు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర ఎలా అయిందో కూడా గుర్తుచేస్తాను. ఎవరూ మార్చలేదు. నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు. వాళ్ల ఎనిమిది వాళ్లకు ఎనిమిదిగానే ఉంటుంది, మన ఎనిమిదిన్నర తొమ్మిదిన్నర అవుతుంది. మార్చి రెండో ఆదివారం దాకా అంతే. మా ఇంట్లో చలికాలం ఆ నవంబరు సోమవారం నాడు మొదలవుతుంది. అన్నాలు తినే వేళ, అమ్మాయి చదువు, మామగారి ఇన్సులిన్ అన్నీ ఆ రోజు ఒక గంట అటో ఇటో సర్దుకుంటాయి. వంటమనిషికి కూడా తెలుసు, ‘అమెరికా టైం మారిందా అమ్మా?’ అని అడుగుతుంది. మీటింగు పేరుకు నలభై అయిదు నిమిషాలు. పదకొండుకు ముందు ముగిసిన రాత్రులు ఈ జనవరిలో నాలుగు. లెక్కపెట్టాను.

నేను ఆలస్యాలతో బతికేదాన్ని కాబట్టి ఇది నాకు వింతగా ఉంటుంది. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడటానికి 150 మిల్లీ సెకన్లు దాటకుండా చూసుకొమ్మని అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ ప్రమాణం. గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు వెళుతుంది, అంతకంటే తొందరపెట్టడం ఎవరి తరమూ కాదు. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియాకు ఆ 150లో సగం దారిలోనే పోతుంది. మిగిలిన దాంట్లో ఇరవై మిల్లీ సెకన్లు మిగల్చడానికి మా బృందం ఒకసారి మూడు నెలలు పనిచేసింది, మీరు కేకు కోయించారు. అదే కంపెనీలో మనుషుల రాత్రిలోంచి ఒక గంట ఏటా నవంబరులో ఎవరి సంతకమూ లేకుండా వెళ్లిపోతుంది.

ఇప్పుడు కెమెరా. పగలు నాకే అభ్యంతరమూ లేదు. రాత్రి పదిన్నరకు జడ విప్పుకుని, వెనకాల ఆరేసిన స్కూలు యూనిఫాంతో, కళ్లు మూతలు పడుతున్న నా ముఖం నేనే గంటసేపు చూసుకోవడం వల్ల కంపెనీకి ఏం లాభమో చెప్పండి. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఈ వీడియో మీటింగుల అలసట మీద పనిచేశారు. అంత దగ్గరగా అన్ని కళ్లు చూస్తుండటం, మన ముఖం మనకే కనబడుతుండటం, కదలకుండా కూర్చోవాల్సి రావడం కారణాల్లో కొన్ని అన్నారు. తీవ్రంగా అలసిపోతున్నామన్న ఆడవాళ్లు వాళ్ల సర్వేలో ఏడుగురిలో ఒకరు, మగవాళ్లు ఇరవై మందిలో ఒకరు. మనం ఆ పరిశోధన చదివి మన ముఖం మనకు కనబడకుండా దాచే మీట కూడా పెట్టాం, దాన్ని ప్రకటనల్లో వేసుకున్నాం. మన సర్క్యులర్ రాసినవాళ్లు మన ప్రకటనలు చదవరనుకుంటాను. 1970లో పిట్స్‌బర్గ్‌లో ఏటీ అండ్ టీ సంస్థ నెలకు 160 డాలర్లకు పిక్చర్‌ఫోన్ పెట్టి చందాదారులు దొరక్క దెబ్బతిన్న కథ మీరే కొత్తవాళ్లకు శిక్షణలో చెబుతారు. ఖరీదు ఒక కారణమని, ఫోను ఎత్తిన ప్రతిసారీ ముఖం చూపించాలంటే జనం జంకడం ఇంకో కారణమని చెబుతారు. ఆ రెండో కారణం మన ఉద్యోగులకు వర్తించదా?

ఆఫీసుకు రావడం గురించి కూడా దాచకుండా చెబుతాను. నాకు ఆఫీసు ఇష్టం. నిజాంపేట నుంచి వచ్చేటప్పటి ట్రాఫిక్ తప్ప మిగతాదంతా ఇష్టం. ఇంట్లో మూడు రోజులు తెమలని చిక్కు మధ్యాహ్నం భోజనాల దగ్గర పెరుగన్నంలోకి ఆవకాయ కలుపుకుంటుండగా తేలిపోవడం ఎన్నోసార్లు చూశాను. 2023 ఆగస్టులో జూమ్ సంస్థ తన ఆఫీసులకు యాభై మైళ్ల లోపు ఉండేవాళ్లను వారానికి రెండు రోజులు రమ్మన్నప్పుడు లోకమంతా నవ్వింది, నేను నవ్వలేదు. వీడియో కాల్‌లో ఏం పోతుందో మాకంటే బాగా ఎవరికి తెలుసు?

కానీ మన దగ్గర ఆఫీసుకు వచ్చిన రోజులు ఎలా గడుస్తాయో ఒకసారి పైకి వచ్చి చూడండి. నా బృందం ఏడుగురం. ముగ్గురు కాలిఫోర్నియాలో, ఇద్దరు పుణేలో, ఇక్కడ నేనూ ఇంకో కుర్రాడూ. ఇద్దరం పక్కపక్క బల్లల దగ్గర కూర్చుంటాం. పుణేవాళ్లతో కాల్ మొదలవగానే అతని మైకు నా స్పీకరును పడుతుంది, నా మైకు అతని స్పీకరును పడుతుంది, అంతస్తంతా కీచుమని మోగుతుంది. ఒక మైకు ఇంకో కంప్యూటరు స్పీకరును పట్టుకుంటే మా ప్రతిధ్వని కోడ్ ఏమీ చేయలేదు, ఎందుకంటే ఆ స్పీకరుకు ఏం పంపారో దానికి తెలియదు. అప్పుడు అతను ‘మేడమ్, మీరు మ్యూట్ చేసుకోండి’ అంటాడు. లేదా నేను అంటాను. ఎదురెదురుగా కూర్చోవడానికి ఇరవై కిలోమీటర్లు వచ్చి ఒకరినొకరం మ్యూట్ చేసుకుని, చివరికి ఒకరం లేచి ఆ మూల గాజు గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాం. ఆరు గంటలకు బయల్దేరి ఏడున్నరకు ఇల్లు చేరి, తొమ్మిదిన్నరకు మళ్లీ లింకు తెరుస్తాం. రాకపోకల లెక్క మీ దగ్గర ఉంది, గేటు దగ్గర కార్డు గీకినప్పుడల్లా పడుతుంది. తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా లెక్క ఎక్కడా లేదు. అది కూడా మన సర్వర్లలోనే ఉంది నిజానికి. ఎవరు ఎప్పుడు చేరారో, ఎప్పుడు వెళ్లారో సెకన్లతో సహా ఉంది. ఎవరూ అడగలేదు, అంతే.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఆ మీటింగును వారం మార్చి వారం తిప్పండి. ఒక వారం మనకు రాత్రి, ఒక వారం వాళ్లకు సాయంత్రం. మనకు ఉదయం ఏడున్నర అంటే కాలిఫోర్నియాలో వేసవిలో సాయంత్రం ఏడు, చలికాలంలో ఆరు. ఆరు గంటలు వాళ్లకు ఇబ్బందే, నాకు తెలుసు. అక్కడ ఉన్న మా ముగ్గురిలో ఒకామెకు రెండేళ్ల పిల్ల ఉంది, ఆమెను నేను అడిగాను. ‘నా ఇబ్బంది సగం, మీ ఇబ్బంది సగం, న్యాయమే’ అంది. మిగతా ఇద్దరూ ఒప్పుకున్నారు. అంటే మేం ఏడుగురమూ ఒప్పుకున్న మార్పును ఆపుతున్నది కాలెండర్‌లో ఆ మీటింగు మీ పేరు మీద ఉండటమే. రాత్రి మీటింగు ఉన్న వారంలో మర్నాడు ఆఫీసుకు పదకొండుకు రావడాన్ని ఆలస్యం కింద రాయవద్దు. రాత్రి తొమ్మిది దాటాక కెమెరా ఎవరి ఇష్టం వాళ్లది అని ఆ సర్క్యులర్‌లో ఒక్క వాక్యం కలపండి.

కాల్‌లో తేలిన విషయాలు నాలుగు వాక్యాల్లో రాసి పెడితే సగం మీటింగులే అక్కర్లేదని కూడా అనాలనుంది. వీడియో కాన్ఫరెన్సుల కంపెనీలో ఆ మాట అంటే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

నవంబరు మొదటి ఆదివారానికి ఇంకా రెండు వారాలుంది. ఆ మీటింగు వేళ మార్చే అధికారం మీ ఆరుగురిలో నలుగురికి ఉంది. ఎప్పటిలాగే రేపు రాత్రి ఎనిమిదిన్నరకు నేను కాల్‌లో ఉంటాను. కుక్కరు విజిల్ వినబడితే అది పరీక్ష శబ్దం కాదు, మా ఇంట్లో అప్పుడే అన్నం ఉడుకుతున్నదని అర్థం.

ఇట్లు,
ఆడియో బృందంలో ఒక ఇంజనీరు